ముందు పడటం నేర్చుకో!

వేసవి సెలవులొస్తే మనం పిల్లల్ని ఈతకో సంగీతానికో పంపుతాం. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో కొందరు తల్లిదండ్రులు జులైలో మంచుకొండ మీదకు పంపుతారు, గాల్లో గిరికీలు కొట్టడం నేర్చుకు రమ్మని! వారం రోజుల ఆ స్కీ శిబిరంలో ఏం జరుగుతుందో చూద్దాం రండి...

జులై నెల. ఉదయం ఆరున్నర. ఆరోజు పోర్ట్‌లాండ్ నగరంలో ఎండ మండిపోతుందని టీవీలో చెబుతున్నారు. అక్కడికి వంద కిలోమీటర్ల లోపు దూరంలో, కొండ మీది ఓ చిన్న ఊళ్లో పాతికమంది పిల్లలు ముక్కుకూ బుగ్గలకూ తెల్లటి క్రీము దట్టంగా పట్టించుకుని వ్యానెక్కుతున్నారు. చేతిలో స్కీలు, నెత్తిన హెల్మెట్లు. సగంమంది ఇంకా నిద్రమత్తులోనే ఉన్నారు. పావుగంట సేపు వ్యాను చెట్ల మధ్య మెలికలు తిరుగుతూ పైకెక్కుతుంది. ఉన్నట్టుండి చెట్లు అయిపోతాయి. ఎదురుగా తెల్లటి కొండ!

ఆ కొండ పేరు మౌంట్ హుడ్. ఎత్తు 11,200 అడుగుల పైచిలుకు. ఓరెగాన్‌లో అంతకు మించిన శిఖరం లేదు. నిజానికి అదో అగ్నిపర్వతం, ప్రస్తుతానికి నిద్రపోతోంది. 1792లో ఆ తీరానికొచ్చిన ఓ బ్రిటిష్ నౌకాధికారి తమ అడ్మిరల్ శామ్యూల్ హుడ్ పేరు దానికి పెట్టేశాడు. అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ అక్కడున్న తెగలవాళ్లు మాత్రం వైఈస్ట్ అంటారు.

పిల్లలు బస చేసే ఊరి పేరు వింటే మనవాళ్లకు నవ్వొస్తుంది... గవర్నమెంట్ క్యాంప్! అక్కడ ఏ తహసీల్దారూ మకాం వేయలేదు. 1849లో అటుగా వెళ్లిన ఓ సైనిక దళం బళ్లను లాక్కెళ్లలేక కొన్నింటిని అక్కడే వదిలేసి, 'ఇది ప్రభుత్వ ఆస్తి, ముట్టుకోవద్దు' అని రాసిపెట్టి వెళ్లిందట. ఆ పేరే ఊరికి స్థిరపడిపోయింది. శీతాకాలంలో స్కీయింగ్‌కి వచ్చేవాళ్లతో ఊరు కిటకిటలాడుతుంది. వేసవిలో ఈ శిబిరాల పిల్లలదే సందడి. ఎండాకాలంలోనూ లిఫ్టెక్కి స్కీయింగ్ చేయగలిగే చోట్లు ఉత్తర అమెరికాలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఇదొకటి మరి.

మన కథ కోసం ఓ అమ్మాయిని అనుకుందాం. పన్నెండేళ్లు. ఉండేది పోర్ట్‌లాండ్ పడమటి శివారు హిల్స్‌బరోలో. ఇంటెల్ కంపెనీ పుణ్యమా అని ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు కొదవలేదు. ఈ అమ్మాయి వాళ్ల నాన్న కూడా అలా వెళ్లినవాడే. ఆమె పుట్టింది అక్కడే. మూడు శీతాకాలాలుగా స్కీయింగ్ నేర్చుకుంటోంది. మంచు మీద వంపులు తిరుగుతూ పడకుండా కిందికి రాగలదు. ఇప్పుడామెకు గాల్లోకి లేచి గిర్రున ఓ చుట్టు తిరిగి దిగాలని కోరిక. శిబిరంలో చేరతానని మార్చి నుంచీ ఇంట్లో ఒకటే పోరు. నాన్న డబ్బు లెక్క చూసుకున్నాడు. వారానికి రెండు వేల డాలర్ల పైమాటే. అమ్మ డబ్బు సంగతి ఎత్తలేదు. 'కాలు విరిగితే?' అంది. చినగంజాం నుంచి అమ్మమ్మ ఫోన్లో అడిగింది ఇంకోటి. 'ఎండాకాలంలో మంచేమిటే తల్లీ?'

అమ్మమ్మ ప్రశ్నకు జవాబు తేలికే. అమ్మ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఆ శిబిరం వారం రోజులు తీసుకుంటుంది.

తలకిందుల ఆట

మామూలు స్కీయింగ్‌లో గొప్పంతా వేగానిదే. ఎవరు ముందు కిందికి చేరితే వాళ్లే విజేత. ఫ్రీస్టైల్‌లో గడియారం కన్నా విన్యాసానికి విలువ. గుట్టలు గుట్టలుగా ఉన్న మంచు మీద ఎగిరెగిరి రావడం మొగల్స్. ఎత్తయిన వాలు మీంచి గాల్లోకి లేచి పల్టీలు కొట్టడం ఏరియల్స్. ఇనుప కడ్డీల మీద జారుతూ, వరుసగా గెంతులు వేస్తూ రావడం స్లోప్‌స్టైల్. నిలువునా కోసిన గొట్టంలాంటి మంచు లోయలో ఈ గోడ మీంచి ఆ గోడ మీదకు ఎగరడం హాఫ్‌పైప్.

నార్వేకి చెందిన స్టీన్ ఎరిక్సన్ 1952 ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన మొనగాడు. తర్వాత అమెరికా వెళ్లి, మంచు మీద పల్టీ కొట్టి చూపిస్తుంటే జనం నోళ్లు తెరుచుకుని చూసేవారు. అరవైలు, డెబ్బైల నాటి కుర్రకారు దాన్ని పట్టుకుంది. పెద్దలు 'కోతిచేష్టలు' అన్నారు. అంతర్జాతీయ స్కీ సమాఖ్య 1979లో గానీ దీన్నొక క్రీడగా గుర్తించలేదు. ఆ తర్వాత ఒక్కొక్కటే ఒలింపిక్స్ మెట్లెక్కాయి. 1992లో మొగల్స్, 1994లో ఏరియల్స్, 2014లో హాఫ్‌పైప్, స్లోప్‌స్టైల్, 2022లో బిగ్ ఎయిర్. 2026లో ఇద్దరిద్దరు పక్కపక్కన పోటీపడే మొగల్స్ కూడా చేరాయి. కోతిచేష్టలకు పతకాలే పతకాలు!

కుల్ఫీ కుండ రహస్యం

ఇక మంచు సంగతి. కొండ మీద ఆరు వేల అడుగుల ఎత్తున టింబర్‌లైన్ లాడ్జ్ అని ఓ పెద్ద చెక్క భవనం ఉంది. 1930ల ఆర్థిక మాంద్యంలో పనుల్లేని కూలీలకూ కళాకారులకూ పని చూపించడానికి అమెరికా ప్రభుత్వం కట్టించింది. పాత టెలిఫోన్ స్తంభాలను చెక్కి మెట్ల పక్కన జంతువుల బొమ్మలుగా నిలిపారు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1937లో వచ్చి ప్రారంభించాడు. 'ది షైనింగ్' సినిమాలో బయటి నుంచి కనిపించే హోటల్ ఇదే.

ఆ భవనం దగ్గర లిఫ్టెక్కాలి. అది దిగి ఇంకో లిఫ్టెక్కాలి. ఎనిమిదిన్నర వేల అడుగుల ఎత్తుకు చేరతారు. అక్కడ పరుచుకుని ఉంటుంది పామర్ మంచుమైదానం. శీతాకాలమంతా మేటలు వేసిన మంచు వేసవిలో కరుగుతూ కరుగుతూ కూడా కొంత మిగిలి ఉంటుంది. రాత్రిపూట ట్యాంకుల్లాంటి యంత్రాలు దాన్ని చదును చేస్తాయి. చెల్లాచెదురైన మంచును నెట్టుకొచ్చి గెంతడానికి దిబ్బలు కడతాయి. మన ఊళ్లో రోడ్డు రోలరు పని చేసినట్టే, కాకపోతే తెల్లారేసరికి అంతా మంచు.

తెల్లవారుజామున ఆ మంచు గట్టిగా ఉంటుంది. తొమ్మిదయ్యేసరికి మెత్తబడుతుంది. పదకొండుకు గోలీసోడా ఐసు తురుములా అయిపోతుంది. అందులో స్కీ కూరుకుపోతే మోకాలికి ముప్పు. అందుకే అక్కడివాళ్లు మంచు మీద ఉప్పు చల్లుతారు. చేతులతో పిడికెడు పిడికెడు కాదు, బస్తాలకు బస్తాలు. ఒక్కో వేసవిలో టన్నుల కొద్దీ!

ఉప్పు చల్లితే మంచు కరుగుతుంది కదా, గట్టిపడటమేమిటి? కుల్ఫీ బండివాణ్ని గుర్తుచేసుకోండి. కుండలో ఐసుముక్కలు పోసి ఉప్పు కలిపి, ఆ మధ్యలో కుల్ఫీ గొట్టాలు పెడతాడు. ఉప్పు తగిలిన ఐసు కరగడం మొదలెడుతుంది. కరగడానికి వేడి కావాలి. ఆ వేడిని పక్కనున్న పాలలోంచి లాక్కుంటుంది. పాలు గడ్డకడతాయి. కొండ మీద జరిగేదీ అదే. పైపొర ఉప్పుతో కరుగుతూ కింది పొరలోని వేడిని లాగేస్తుంది. కింది పొరలో ఉన్న తడి బిగుసుకుపోతుంది. స్కీలు దాని మీద కత్తిలా సాగుతాయి. కాకపోతే ఆ పట్టు కొన్ని గంటలే. మధ్యాహ్నం ఒంటిగంట, రెండు ప్రాంతాల్లో కొండ మీద ఆట కట్టు. పిల్లలు తిరిగి వ్యానెక్కుతారు.

ఆ ఉప్పంతా కరిగి ఎక్కడికి పోతుంది? సాల్మన్ నది పుట్టేది ఆ మంచులోంచే. నీళ్లలో ఉప్పు పాళ్లను పరీక్షిస్తుంటారు. నిజానికి ఈ ప్రశ్న అక్కడ ఆడుకునే పిల్లలకు పెద్దగా తట్టదు. వాళ్లకు గట్టి మంచు దొరికితే చాలు.

మొదటిరోజు: మోకాళ్లు, బొటనవేళ్లు

మొదటిరోజు అమ్మాయి ఉత్సాహం మీద నీళ్లు చల్లుతారు. గెంతడం లేదు, తిరగడం లేదు. కోచ్ ముందర ఓసారి కిందికి జారి చూపించమంటాడు. అంచుల మీద ఎంత పట్టుందో చూస్తాడు. తర్వాత వెనక్కి తిరిగి జారమంటాడు. ఫ్రీస్టైల్‌లో దీన్ని 'స్విచ్' అంటారు. గాల్లో సగం చుట్టు తిరిగితే దిగేది వెనక్కే కదా! వెనక్కి జారడం రానివాళ్లకు గాల్లోకి లేచే హక్కు లేదు.

ఆ తర్వాత పడటం. అవును, పడటం కూడా పాఠమే. పడేటప్పుడు మనిషికి ఒక సహజ గుణం ఉంది, చెయ్యి చాపుతాడు. మంచు మీద అదే కొంప ముంచుతుంది. మణికట్టో భుజమో పోతుంది. చేతికర్ర పట్టీ బొటనవేలికి చిక్కుకుని కీలు నరం తెగడం ఈ ఆటలో ఎంత మామూలంటే, వైద్యులు దానికి 'స్కీయర్ బొటనవేలు' అని పేరే పెట్టారు. అందుకే విన్యాసాలు చేసేచోట పట్టీలు చేతికి తగిలించుకోవద్దంటారు. చేతులు ఒంటికి దగ్గరగా ముడుచుకోవాలి. కాళ్లు రెండూ దగ్గరగా ఉంచాలి. అన్నిటికన్నా కష్టమైన పాఠం ఇంకోటి ఉంది. పడ్డాక జారుతూ ఉండగా లేవడానికి ప్రయత్నించకూడదు. పూర్తిగా ఆగేదాకా పడే ఉండాలి. సగం జారుతూ లేవబోయి మోకాలి లోపలి నరం తెంచుకున్నవాళ్లు ఎందరో. స్కీయింగ్‌లో తరచూ తగిలే పెద్ద దెబ్బల్లో మొదటి వరసలో ఉండేది ఆ మోకాలి గాయమే.

పరువు కోసం గబుక్కున లేచి దులుపుకోవడం మనకు అలవాటు. అక్కడ ఆ అలవాటును మాన్పించడానికే ఓ పూట పడుతుంది.

మధ్యాహ్నం కొండ దిగాక అసలు ఆట మొదలవుతుంది. ట్రాంపొలిన్ మీద నడుముకు రబ్బరు తాళ్లు కట్టి ఎగరేస్తారు. ముందు ఊరికే నిటారుగా ఎగరాలి. తర్వాత సగం చుట్టు. తర్వాత పూర్తి చుట్టు. తల ఎటు తిరిగితే ఒళ్లు అటు తిరుగుతుంది. భుజం మీదుగా చూపు తిప్పి, దిగాల్సిన చోటును కళ్లతో ముందే పట్టుకోవాలి. కళ్లు మూసుకుని తిరిగేవాడు ఎక్కడ దిగుతాడో దేవుడికే ఎరుక. ట్రాంపొలిన్ మీద కుదిరాక గాలి నింపిన పరుపు. ఇల్లంత ఉంటుంది. స్కీలతో సహా ఎగిరి దాని మీద పడొచ్చు. తలకిందులుగా పడినా నవ్వుకుంటూ లేస్తారు.

యూటా రాష్ట్రంలోని పార్క్ సిటీలో ఇంకో పద్ధతి ఉంది. 2002 ఒలింపిక్స్ జరిగిన ప్రాంగణమది. అక్కడ ఎత్తయిన వాలు మీంచి స్కీలతో జారి నేరుగా ఈతకొలనులో పడతారు. నీళ్లు కూడా గట్టిదెబ్బే కొడతాయి కాబట్టి, దిగే ముందు అడుగు నుంచి గాలి బుడగలు వదిలి నీటిని నురుగు చేస్తారు. ఏరియల్స్ ఆటగాళ్లు ఒక కొత్త పల్టీని మంచు మీద వేసే ముందు ఆ నీళ్లలో వందలసార్లు మునుగుతారు.

టీవీలో చూసినప్పుడు మనకు అదంతా తెగింపులా కనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే కనిపించేది ఓపిక.

మేడ మీంచి దూకడం, జారుడుబల్ల మీద దూకడం

మూడోరోజు మంచు మీద చిన్న దిబ్బ. దాని ముందు కోచ్ చెప్పే లెక్క పిల్లల కన్నా పెద్దలు వినదగింది. పది అడుగుల గోడ మీంచి చదును నేల మీదకు దూకితే కాళ్లు అదురుతాయి. అదే ఎత్తు నుంచి జారుడుబల్ల లాంటి వాలు మీదకు దూకితే ఒళ్లు కిందికి జారిపోతుంది, దెబ్బ తగలదు. ఎగిరిన దారికీ దిగే వాలుకీ ఎంత పొత్తు కుదిరితే అంత మెత్తగా దిగుతారు. అందుకే దిబ్బ కట్టేవాళ్లు ఎగిరే చోటు కన్నా దిగే చోటు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ప్రమాదమంతా వాలు దాకా అందకపోవడంలోనూ, వాలు దాటి చదును మీద పడటంలోనూ ఉంది. అంటే, వేగం తక్కువైనా తప్పే, ఎక్కువైనా తప్పే.

ఆ వేగం పిల్లలకు ఎలా తెలుస్తుంది? కోచ్ ముందు వెళ్తాడు, అమ్మాయి అతని వెనకే అతని వేగంతోనే వెళ్లాలి. రెండుసార్లు ఎగరకుండా పక్కనుంచి. మూడోసారి దిబ్బ మీంచి నిటారుగా. బయలుదేరే ముందు 'డ్రాపింగ్!' అని గట్టిగా అరవాలి. అరవకుండా దిగితే ఎంత గొప్ప విన్యాసం చేసినా చీవాట్లే. కింద ఎవరైనా పడి ఉండొచ్చు కదా.

ఇక చుట్లను డిగ్రీల్లో చెబుతారు. సగం చుట్టు 180, చుట్టు 360, చుట్టున్నర 540, రెండు చుట్లు 720. లెక్కల మాస్టారికి నచ్చే ఆట ఇది. 2022 బీజింగ్ ఒలింపిక్స్ బిగ్ ఎయిర్ పోటీలో పద్దెనిమిదేళ్ల ఐలీన్ గు చివరి ప్రయత్నంలో వేసింది 1620. అంటే నాలుగున్నర చుట్లు! అంతకు ముందు ఏ పోటీలోనూ ఆమె దాన్ని వేయలేదు. ఆ చివరి ప్రయత్నానికి ముందు ఆమె వాళ్లమ్మకు ఫోన్ చేసింది. బాగా వచ్చిన 1440నే ఇంకాస్త మెరుగ్గా వెయ్యమ్మా అంది తల్లి. కూతురు వినలేదు. స్వర్ణం గెలిచింది. అమ్మ మాట వినకపోతే పతకం వస్తుందని పిల్లలు అనుకుంటే ప్రమాదమే. ఆ నాలుగున్నర చుట్ల వెనక ఏళ్ల తరబడి వేసిన ఒకటీ రెండూ మూడూ ఉన్నాయి.

కోచ్‌లే మార్చేసిన ఆట

అన్నట్టు, నేటి ఈ ఆట రూపు దిద్దుకున్నదే ఇలాంటి ఓ వేసవి శిబిరంలో. మౌంట్ హుడ్‌కి ఉత్తరాన, కెనడాలోని విస్లర్ దగ్గర బ్లాక్‌కోంబ్ అనే కొండ ఉంది. తొంభైల చివర్లో అక్కడి హిమానీనదం మీద వేసవి శిబిరాల్లో పాఠాలు చెప్పే మైక్ డగ్లస్, జె.పి. ఆక్లెయిర్ వంటి కుర్రాళ్లకు మొగల్స్ నిబంధనలు విసుగెత్తించాయి. అప్పట్లో ఆ పోటీల్లో తలకిందులయ్యే పల్టీలు నిషేధం. పక్కనే స్నోబోర్డు కుర్రాళ్లు గాల్లో ఇష్టం వచ్చినట్టు ఎగురుతున్నారు. వాళ్లను చూసి వీళ్లూ మొదలెట్టారు. కానీ స్కీలు ముందు మాత్రమే వంపు తిరిగి ఉండేవి. వెనక్కి దిగితే తోక మంచులో గుచ్చుకునేది. రెండువైపులా వంపున్న స్కీలు కావాలని కంపెనీల చుట్టూ తిరిగారు. చివరికి సాలమన్ కంపెనీ ఒప్పుకుంది. 1998లో 'టెన్‌ఎయిటీ' పేరుతో అవి బజారులోకి వచ్చాయి. 1080 అంటే మూడు చుట్లు. హిల్స్‌బరో అమ్మాయి ఇప్పుడు అద్దెకు తెచ్చుకున్న స్కీలకూ రెండువైపులా వంపే. ఆమెకు అది స్కీల సహజ రూపమే.

అమ్మ ప్రశ్న

నాలుగోరోజు రాత్రి అమ్మ ఫోన్ చేస్తుంది. పగలంతా తీసిన వీడియోలను కోచ్ గోడ మీద వేసి చూపిస్తున్న సమయం. అమ్మాయి బయటికొచ్చి మాట్లాడుతుంది. ముఖంలో గాగుల్స్ పెట్టుకున్నంత మేర తెల్లగా, మిగతాది ఎర్రగా కందిపోయి ఉంది. మంచు ఎండను అద్దంలా పైకి కొడుతుంది. అందుకే గడ్డం కిందా, ముక్కు రంధ్రాల అంచులకూ కూడా క్రీము రాసుకోవాలి. ఆ సంగతి అమ్మాయికి రెండోరోజు సాయంత్రం గానీ తెలియలేదు.

'పడుతున్నావా?' అని అడుగుతుంది అమ్మ. అమ్మకు తెలుసు, ఏ కోచ్ కూడా దెబ్బ తగలదని హామీ ఇవ్వడు. శిబిరంలో చేర్చేముందు సంతకం పెట్టిన కాగితం నిండా ఆ మాటే ఉంది.

ఈ ఆటలో అమ్మలందరూ తలచుకునే పేరొకటుంది. శారా బర్క్. కెనడా అమ్మాయి. ఎక్స్ గేమ్స్ హాఫ్‌పైప్‌లో నాలుగుసార్లు స్వర్ణం గెలిచింది. ఆడవాళ్లకూ ఈ పోటీలుండాలని, హాఫ్‌పైప్‌ను ఒలింపిక్స్‌లో చేర్చాలని ఏళ్లపాటు పోరాడిన మనిషి. 2011లో ఒలింపిక్ సంఘం ఒప్పుకుంది. 2012 జనవరి 10న పార్క్ సిటీలో సాధన చేస్తూ పడింది. చూసినవాళ్లకు అదంత ఘోరమైన పాటులా అనిపించలేదట. మెడలోని రక్తనాళం చిట్లింది. తొమ్మిది రోజుల తర్వాత ఆసుపత్రిలో కన్నుమూసింది. వయసు 29. ఆమె కోరుకున్న పోటీ రెండేళ్లకు సోచిలో జరిగింది. అమెరికాకు చెందిన మ్యాడీ బోమన్ తొలి స్వర్ణం గెలిచింది.

శారా తెలియక పడలేదు. ప్రపంచంలో ఆమె కన్నా బాగా తెలిసినవాళ్లు లేరు. హెల్మెట్ ఉంది, నైపుణ్యం ఉంది, అనుభవం ఉంది. మెట్టు మెట్టుగా నేర్పడం ప్రమాదాన్ని తగ్గిస్తుంది, తీసేయదు. ఈ మాటను దాచిపెట్టి శిబిరాల గురించి చెప్పడం అమ్మలను మోసం చేయడమే. మరి ఎందుకు పంపాలి? హిల్స్‌బరో అమ్మ కూడా ఈ ప్రశ్న మార్చిలో వేసుకుంది. పంపకపోతే ఆ పిల్ల శీతాకాలంలో స్నేహితుల్ని చూసి, ఏ తర్ఫీదూ లేకుండా, ఎవరో కట్టిన దిబ్బ మీంచి ఎగురుతుంది. ఎగరాలన్న కోరిక ఎలాగూ పుట్టింది. ఆ కోరిక పక్కన ఓ పెద్ద మనిషి నిలబడి 'ఇవాళ వద్దు, రేపు' అని చెప్పాలి. ఆమె సంతకం పెట్టింది అందుకు.

మంచి కోచ్‌ని గుర్తుపట్టే కొండగుర్తు కూడా అదే. ఎగరమనేవాళ్లు కొండ మీద చాలామంది దొరుకుతారు. గాలి ఎదురొస్తోంది, మంచు మెత్తబడింది, నువ్వు అలిసిపోయావు, ఇవాళ్టికి చాలు అనేవాడే అసలు కోచ్. దెబ్బలు తగిలేది తరచూ రోజు చివర, 'ఇంకొక్కసారి' అన్నప్పుడే అని స్కీ వాళ్లు సామెతలా చెప్పుకుంటారు.

కరుగుతున్న బడి

పిల్లల భయం ఒకటైతే ఈ శిబిరాలు నడిపేవాళ్ల భయం ఇంకోటి. పామర్‌ను ఒకప్పుడు హిమానీనదమనే పిలిచేవారు. ఇప్పుడు ఎక్కువమంది మంచుమైదానమనే అంటున్నారు. మౌంట్ హుడ్ మీది హిమానీనదాలు గత వందేళ్లలో బాగా వెనక్కి పోయాయి. 2021 జూన్ ఆఖరులో వడగాలులు ఆ ప్రాంతాన్ని కాల్చేసినప్పుడు పోర్ట్‌లాండ్‌లో 46 డిగ్రీల సెల్సియస్ దాటింది. మన రామగుండం, రెంటచింతలకు అది మామూలే. చలి ఊరికి మాత్రం ప్రళయం. మంచు తక్కువ పడిన ఏడాది కొండ మీద ఆట వేసవి ముగియకముందే కట్టేస్తారు.

విస్లర్‌లో 1989 నుంచి నడిచిన 'క్యాంప్ ఆఫ్ చాంపియన్స్' 2017లో మూతపడింది. హిమానీనదం కరిగిపోతోంది, దిబ్బలు కట్టడానికి మంచు చాలడం లేదన్నది దాని యజమాని చెప్పిన కారణం. రెండువైపులా వంపున్న స్కీలకు పురుడుపోసిన కొండ మీదే ఈ కథ!

మన దేశంలోనూ ఇదే బెంగ. స్కీయింగ్ నేర్చుకోవాలంటే మనకు కశ్మీర్‌లోని గుల్మార్గ్, ఉత్తరాఖండ్‌లోని ఔలి ఉన్నాయి. గుల్మార్గ్‌లో కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థ కూడా ఉంది. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు లేక వాయిదా పడ్డాయి. మార్చిలో మంచు కురిశాక జరిపారు. ఔత్సాహికులు బయలుదేరే ముందు టికెట్లతో పాటు మంచు కబురూ చూసుకోవాలి.

ఆరోరోజు

ఆరోరోజు ఉదయం ఎనిమిదింటికి మంచు మాంచి పట్టు మీద ఉంది. అమ్మాయి దిబ్బ పైన నిలబడింది. గాలి పరుపు మీద పద్దెనిమిదిసార్లు తిరిగింది. అందులో పదకొండుసార్లు నిలబడింది. కోచ్ లెక్క రాసుకున్నాడు. 'డ్రాపింగ్!' అని అరిచింది. గొంతు వణికింది. మొదటిసారి ముప్పావు చుట్టే తిరిగి పక్కకు పడింది. చేతులు ముడుచుకుంది. కాళ్లు దగ్గరగా పెట్టుకుంది. పూర్తిగా ఆగేదాకా లేవలేదు. కింద నుంచి కోచ్ చప్పట్లు కొట్టాడు. పడినందుకు!

రెండోసారి చూపు ముందే తిప్పింది. వాలు కనిపించింది. దిగింది. కొంచెం వంకరగా, ఒక చెయ్యి మంచును రాసుకుంటూ, కానీ రెండు కాళ్ల మీద దిగింది. మూడోసారి వెళ్తానంది. కోచ్ గడియారం చూశాడు, మంచు మీద కర్రతో పొడిచి చూశాడు. 'చాలు' అన్నాడు. అమ్మాయి మూతి ముడుచుకుంది.

సాయంత్రం బట్టలు సర్దుకుంటుంటే చినగంజాం నుంచి ఫోన్. అక్కడప్పటికి తెల్లవారింది. గాల్లో తిరిగిన సంగతి, పడిన సంగతి, ముఖం కందిన సంగతి అన్నీ చెప్పింది. అమ్మమ్మ ఊ కొడుతూ విన్నది. మంచు మీద ఉప్పు చల్లుతారన్నప్పుడు మాత్రం ఆపింది. ఉప్పు మడుల ఊళ్లో పుట్టిపెరిగిన మనిషి మరి.

'ఎంత ఉప్పే?'

'బస్తాలూ బస్తాలు అమ్మమ్మా!'

'కళ్లుప్పా, మెత్తటిదా?'

అమ్మాయికి తెలియదు. కనుక్కొస్తానుండు అని ఫోను పట్టుకునే కోచ్ కోసం పరుగెత్తింది.